జె.బి.ఎస్. హాల్డేన్: మ్యుటేషన్‌కి లెక్క కట్టిన మనిషి

మన రాయచూరు జిల్లాలో మ్యుటేషన్ అనే మాట తెలియని రైతు ఇల్లు ఉండదు. తాత పోయాక పొలం నాన్న పేరున ఎక్కాలంటే తహశీల్దారు ఆఫీసులో మ్యుటేషన్ కావాలి, పహణీలో పేరు మారాలి. పోయిన నెల హాస్టల్లో మా రూమ్‌మేట్, బి.ఎస్సీ. మొదటి సంవత్సరం అమ్మాయి, పరీక్ష ముందు రోజు రాత్రి పుస్తకం పట్టుకుని నా మంచం మీద కూర్చుంది. జన్యువుల్లో మ్యుటేషన్ అంటే ఏంటో ఎంత చదివినా తలకెక్కడం లేదంది. తెలుగు పుస్తకంలో ఉత్పరివర్తనం అని ఉంది, అది ఇంకా భయం పుట్టించింది.

నేను ఆర్ట్స్ అమ్మాయిని. నాకు తెలిసింది పహణీ ఒక్కటే. అందుకే దాంతోనే మొదలుపెట్టాను. నిజాం కాలంలో మన ఊళ్లలో పట్వారీలు లెక్కల పుస్తకాలు చేత్తో రాసేవాళ్లు కదా. పాత పుస్తకం చిరిగిపోతుంటే కొత్తదానిలోకి ఎక్కించాలి. వంద పేజీలు సరిగ్గా ఎక్కించి ఒక్కచోట 41 బదులు 47 అని రాశాడనుకో. తర్వాత వచ్చిన పట్వారీ దాన్ని చూసే నకలు రాస్తాడు. అతను రాసింది తప్పు కాదు, చూసి రాసిందే తప్పు. అలా ఆ తప్పు తరతరాలకీ నిలిచిపోతుంది. మన శరీరంలోనూ ఒక కణం రెండయ్యేటప్పుడు డి.ఎన్.ఎ. అనే పుస్తకానికి నకలు తయారవుతుంది. అందులో ఒక్క అక్షరం మారినా, ఒక ముక్క ఊడిపోయినా, రెండుసార్లు పడినా అదే మ్యుటేషన్. చాలాసార్లు దానివల్ల ఏమీ కాదు. కొన్నిసార్లు జబ్బు వస్తుంది. ఎప్పుడో ఒకసారి మేలు జరుగుతుంది.

అప్పుడు ఆ అమ్మాయి ఒక మంచి ప్రశ్న అడిగింది. ఇలాంటి తప్పులు ఎన్నిటికి ఒకటి జరుగుతాయి, ఎవరైనా లెక్కపెట్టారా అని. నాకు తెలియదు. మర్నాడు లైబ్రరీలో వెతికితే ఒక మనిషి దొరికారు. మనుషుల్లో మ్యుటేషన్ ఎంత తరచుగా జరుగుతుందో మొదట లెక్క కట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇంగ్లండులో పుట్టారు, మన దేశంలో చనిపోయారు. ఆయన దేహం చివరికి ఒక తెలుగు ఊరికి చేరింది. ఆయన కథ ఈ వారం మన గోడపత్రికలో చెప్తాను.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించి, గనుల్లోని విషవాయువుల గురించి పరిశోధించిన పెద్ద శాస్త్రవేత్త. గనిలోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్తే విషవాయువుని అవి మనుషులకన్నా ముందే పసిగడతాయని సలహా ఇచ్చింది ఆయనే. మన హట్టి బంగారు గనుల వైపు నుంచి వచ్చే అక్కలకి గని లోపల గాలి ఎంత ముఖ్యమో ఇంట్లోనే తెలిసి ఉంటుంది.

తండ్రి కొడుకుని కూడా గనుల్లోకి తీసుకెళ్లేవాడు. ఒకసారి పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట పిల్లాడిని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలో మార్క్ ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కొన్ని పంక్తులు కాగానే పిల్లాడికి ఆయాసం వచ్చి కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగుంది కాబట్టి మళ్లీ తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక, పైకి చేరుతుంది అన్న పాఠం అలా ఒంటికి పట్టింది. ఇలాంటి పాఠం మన మేడమ్ ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ శాస్త్రం అంటే ముందు మన ఒంటి మీదే ప్రయోగం చేసి చూడాలన్న పట్టుదల హాల్డేన్‌కి అక్కడే మొదలైంది. పెద్దయ్యాక తన రక్తంలో ఆమ్లం ఎంతుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి తనే రసాయనాలు తాగారు. జలాంతర్గామి నావికుల ప్రాణాలు కాపాడే మార్గం కోసం ఒత్తిడి గదుల్లో కూర్చుని, చెవి గూబకి చిల్లు పడేదాకా వెళ్లారు.

మెండెల్ బఠానీల సంగతి మనందరం స్కూల్లో చదివాం. ఆ పరిశోధన 1866లో అచ్చయినా ఎవరూ పట్టించుకోలేదు, 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. దాని మీద జరిగిన ఒక ఉపన్యాసానికి తండ్రి హాల్డేన్‌ని ఎనిమిదేళ్ల వయసులోనే తీసుకెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత చెల్లెలు నయోమి ఇంటి ఆవరణలో గినీ పందులు పెంచడం మొదలుపెట్టింది. అవి వందల్లోకి పెరిగాయి. అన్నాచెల్లెళ్లు వాటి రంగులు, బొచ్చు చూసి ఏ గుణం ఎవరి నుంచి వచ్చిందో రాసుకునేవాళ్లు. తర్వాత ఎలుకల మీద పనిచేశారు. స్ప్రంట్ అనే స్నేహితుడితో కలిసి రాసిన ఆ పరిశోధన 1915లో అచ్చయింది. క్షీరదాల్లో రెండు జన్యువులు జంటగా పిల్లలకి చేరతాయని చూపిన తొలి పరిశోధన అది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే పోయాడు. నయోమి తర్వాత పెద్ద రచయిత్రి అయింది, నూరేళ్లు దాటి బతికింది. ఒక ఆడపిల్ల పెరట్లో మొదలైన పని జన్యుశాస్త్ర చరిత్రలో చేరిందన్నది నాకు చాలా నచ్చింది.

మన ఆర్ట్స్ వాళ్లు గర్వపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలతో మొదలుపెట్టి, గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివి పట్టా తీసుకున్నారు. ఎప్పుడైనా బి.ఎస్సీ. వాళ్లు మనల్ని చిన్నచూపు చూస్తే ఈ మాట చెప్పండి.

యుద్ధంలో బ్లాక్ వాచ్ దళంలో పనిచేశారు. ఫ్రాన్సులో గాయపడ్డారు, మెసపొటేమియాలో మళ్లీ గాయపడ్డారు. రెండోసారి కోలుకోవడానికి 1917లో ఇండియా పంపారు. దేశం నచ్చింది. కానీ తెల్ల అధికారికి ఇక్కడి మనుషులతో సమానంగా కూర్చుని మాట్లాడే వీలు లేదు. ఆ అడ్డు ఉన్నంతకాలం మళ్లీ ఇక్కడ అడుగుపెట్టకూడదనుకున్నారు. ఆ మాట మీద నిలబడ్డారు.

1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం చెప్పడానికి చేరారు. 1924 నుంచి డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని, మెండెల్ చెప్పిన జన్యువుల్ని లెక్కలతో కలుపుతూ వరసగా వ్యాసాలు రాశారు. ఫిషర్, సీవాల్ రైట్, హాల్డేన్ ఈ ముగ్గురే ఆ శాస్త్రానికి పునాది వేశారని ఇప్పటి పుస్తకాలు చెప్తాయి. మధ్యలో వేరొకరి భార్యగా ఉన్న షార్లెట్‌తో స్నేహం, ఆమె విడాకుల కేసు కారణంగా విశ్వవిద్యాలయం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన ఊరుకోలేదు, అప్పీలుకి వెళ్లి గెలిచారు. 1926లో ఆమెని పెళ్లాడారు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారారు.

ఇప్పుడు మా రూమ్‌మేట్ ప్రశ్నకి జవాబు. 1935లో హాల్డేన్ హీమోఫీలియా అనే జబ్బుని తీసుకున్నారు. చిన్న దెబ్బ తగిలినా రక్తం గడ్డకట్టని జబ్బు అది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు, మగవాళ్లకి ఒకటి. ఆడవాళ్లలో ఒక ఎక్స్ పాడైనా రెండోది పని నడిపిస్తుంది. మగపిల్లాడికి ఉన్న ఒక్కటీ పాడైతే జబ్బు వస్తుంది. ఆ రోజుల్లో అలాంటి పిల్లలు చాలామంది పెళ్లీడు రాకముందే పోయేవాళ్లు.

ఇక్కడే ఆయన బుర్ర చూడండి. ఒక ఆడ, ఒక మగ కలిసి మూడు ఎక్స్‌లు. అంటే జనాభాలోని ఎక్స్‌లలో మూడో వంతు మగవాళ్ల దగ్గర ఉంటాయి. కాబట్టి జబ్బు జన్యువుల్లోనూ సుమారు మూడో వంతు ఆ మగపిల్లలతో పాటే ప్రతి తరంలో పోతున్నాయి. అలా పోతూ ఉంటే కొన్ని తరాలకి జబ్బు మాయమైపోవాలి. కానీ మాయం కాలేదు, ఉన్నంతే ఉంది. మన ఊరి చెరువు తూములోంచి రోజూ నీళ్లు పోతున్నా మట్టం తగ్గలేదంటే ఎక్కడి నుంచో అంత నీరు వచ్చి చేరుతోందని అర్థం కదా. అలాగే, పోయినన్ని జబ్బు జన్యువులు కొత్తగా పుట్టుకొస్తున్నాయి. పుట్టేది మ్యుటేషన్ వల్ల. ఎంతమందికి ఆ జబ్బు ఉందో తెలిస్తే, కొత్తవి ఎన్ని పుడుతున్నాయో లెక్క తేలుతుంది. లండన్‌లోని రోగుల సంఖ్య పెట్టుకుని లెక్కేస్తే ఒక తరంలో సుమారు 50,000కి ఒకటి అని తేలింది. మైక్రోస్కోపు లేదు, డి.ఎన్.ఎ. ఆకారం తెలియడానికి ఇంకా 18 ఏళ్లు ఉంది. ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక ఆలోచన.

1947లో ఇంకో సంగతి కనిపెట్టారు. ఈ కొత్త మ్యుటేషన్లు తల్లి అండంలో కన్నా తండ్రి వీర్యకణాల్లోనే ఎక్కువగా పుడుతున్నాయని ఆయన లెక్క. మగవాళ్లలో కణాలు జీవితమంతా విభజన అవుతూనే ఉంటాయి, నకళ్లు ఎక్కువ కాబట్టి తప్పులూ ఎక్కువ. ఇప్పటి పరిశోధనలు కూడా ఈ మాటనే బలపరిచాయి. మన ఇళ్లల్లో బిడ్డకి ఏ లోపమున్నా ముందు వేలు తల్లి వైపే చూపిస్తారు. ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవండి.

1949లో ఆయన ఇంకొక ఆలోచన చెప్పారు. మధ్యధరా ప్రాంతంలో తలసీమియా అనే రక్తజబ్బు ఎందుకు అంత ఎక్కువ? ఒకటే పాడు జన్యువు ఉన్నవాళ్లని అది మలేరియా నుంచి కాపాడుతుండవచ్చు అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో అది నిజమేనని ఆలిసన్ చూపించారు. అంటే మ్యుటేషన్ మంచిదా చెడ్డదా అన్నది ఎక్కడ బతుకుతున్నామన్న దాని మీద కూడా ఉంటుంది. మన పొలాల్లో వేసే ట్రాంబే వేరుసెనగ రకాలు కూడా విత్తనాలకి కిరణాలు సోకించి, వచ్చిన మ్యుటేషన్లలోంచి మంచివి ఏరుకుని పెంచినవే.

ఆయన తప్పే చెయ్యలేదని నేను చెప్పను. ఆయన కమ్యూనిస్టు. లండన్‌లో డైలీ వర్కర్ పత్రికలో కార్మికుల కోసం సులువైన సైన్సు వ్యాసాలు వందల్లో రాశారు. తెలిసిన వస్తువుతో మొదలుపెట్టి తెలియని దాని దగ్గరికి తీసుకెళ్లాలన్నది ఆయన పద్ధతి. పహణీతో మొదలుపెట్టినప్పుడు నాకు ఆ సంగతి తెలియదు, తర్వాత చదివి సంబరపడ్డాను. కానీ అదే రాజకీయం ఆయన కళ్లకి గంతలూ కట్టింది. సోవియట్ రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రమే అబద్ధమని చెప్పి నిజమైన శాస్త్రవేత్తల్ని తొక్కేశాడు. గొప్ప వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే చనిపోయాడు. హాల్డేన్‌కి అసలు శాస్త్రం తెలుసు. అయినా లైసెంకోని గట్టిగా తప్పుపట్టడానికి చాలాకాలం వెనకాడారు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. అంత తెలివైన మనిషి కూడా తనవాళ్లు అనుకున్నవాళ్ల తప్పుని ఒప్పుకోలేకపోయారంటే, మామూలువాళ్లం మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో.

1957లో, స్వతంత్ర భారతానికి పదేళ్లు నిండుతున్న వేళ, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇక్కడికి వచ్చేశారు. ఆమె కూడా జన్యుశాస్త్రవేత్తే, ఆయనకి రెండో భార్య. కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కోటు, మేజోళ్లు వదిలేసి కుర్తా, పైజమా వేసుకున్నారు. మాంసం మానేశారు. భారత పౌరుడయ్యారు. ఖరీదైన యంత్రాలు లేవని ఏడవొద్దు, కళ్లు తెరిచి చుట్టూ ఉన్నది లెక్కపెట్టండి అన్నది ఆయన శిష్యులకి నేర్పిన పాఠం. అందుకే ఒక శిష్యుడు పారిజాతం పూలకి ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టాడు. ఇంకొకరు కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు తిరుగుతాయా ఎడమవైపు తిరుగుతాయా అని చూశారు.

ఆ శిష్యుల్లో ఒక తెలుగు యువకుడున్నాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. తర్వాత అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త, హాల్డేన్ జీవితం గురించి పుస్తకాలు రాసింది కూడా ఆయనే. ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద పరిశోధన చేసి 1960లో ప్రచురించారు. హాల్డేన్‌కి ఇది చాలా ఇష్టమైన విషయం. ఇంగ్లండులో మేనమామని పెళ్లి చేసుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. ఇక్కడ అది గౌరవమైన సంబంధం. మన వైపు కన్నడం మాట్లాడే ఇళ్లల్లోనూ సోదరమావ వరస అంటే అంతే.

అందులో జన్యువుల లెక్క ఇది. మనలో ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని పాడైన జన్యువులు దాగి ఉంటాయి. ఒకటి పాడైనా దాని జత బాగుంటే మనకి ఏమీ తెలియదు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ పాడైనవే వస్తే జబ్బు బయటపడుతుంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరి దగ్గర అదే పాడు జన్యువు ఉండటం అరుదు. ఒకే ముత్తవ్వ దగ్గర్నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఉండటం అంత అరుదు కాదు. బావామరదళ్ల బిడ్డకి ఏ జన్యువైనా రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుల నకలుగా వచ్చే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడళ్ల బిడ్డకి 8లో 1. దీని అర్థం ఎనిమిది మందిలో ఒకరికి జబ్బు వస్తుందని కాదు. చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, మా ఇంట్లోనూ పుట్టారు. కానీ ప్రమాదం మామూలు కన్నా పెరుగుతుంది, అంతే.

ఇది నేను ఎందుకు ఇంత సాగదీశానో చెప్తాను. మా అమ్మవాళ్లు గోదావరి జిల్లా నుంచి సింధనూరు వైపు క్యాంపుకి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు, నాన్నవాళ్లు ఇక్కడి కన్నడిగులు. అమ్మ వైపు బంధువుల్లో ఒక బాబుకి పుట్టుకతోనే వినపడదు. వాడి అమ్మా నాన్నా మేనమామ, మేనకోడలు. అదే కారణమని డాక్టరు చెప్పాలి గానీ నేను చెప్పలేను. కానీ ఆ తల్లిని అందరూ అన్న మాటలు నేను విన్నాను. గ్రహణంలో బయట తిరిగిందని, నోరు మంచిది కాదని. ఇప్పుడు మా పిన్ని కూతుర్ని మా చిన్న మామయ్యకి ఇవ్వాలని అమ్మమ్మ పట్టుబడుతోంది. పొలం బయటికి పోదని, పిల్ల కళ్లముందే ఉంటుందని. అమ్మమ్మ ప్రేమలో తప్పు లేదు. దసరా సెలవుల్లో వెళ్లినప్పుడు నేను హాల్డేన్ పేరు చెప్పలేదు. చిన్నప్పుడు తాత చూపించిన పాత పహణీ నకళ్ల కథే చెప్పాను. ఒకే తప్పు నకలు చూసి రాసిన రెండు కాగితాల్ని పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఒప్పో ఎలా తెలుస్తుంది అమ్మమ్మా అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ముందు పెద్దాసుపత్రిలో ఒకసారి అడుగుదాం అని మామయ్యే అన్నాడు. ఇంకా ఏమీ తేలలేదు.

హాల్డేన్ కథ ముగించాలి. 1961లో గొడవలొచ్చి కలకత్తా సంస్థ వదిలేశారు. 1962లో భువనేశ్వర్ వెళ్లారు. అక్కడ ఒడిశా ప్రభుత్వ సాయంతో, బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, కొత్త ప్రయోగశాల ఏర్పడింది. కానీ కాన్సరు పట్టుకుంది. కాన్సరు కూడా మ్యుటేషన్ల వల్ల వచ్చేదే. కాకపోతే అవి ఒంట్లోని కణాల్లో జరిగేవి, మామూలుగా పిల్లలకి చేరవు. జీవితమంతా ఏ తప్పుల లెక్క రాశారో ఆ తప్పే ఆయన ఒంట్లోనూ జరిగింది. 1964లో లండన్‌లో ఆపరేషన్ చేశారు. ఆసుపత్రి మంచం మీద కాన్సరు గురించి ఒక హాస్య కవిత రాసి, అనుమానం వస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తమని జనానికి చెప్పారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయారు. వయసు 72.

దహనం వద్దన్నారు, సమాధి వద్దన్నారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకి ఇవ్వమని వీలునామా రాశారు. అది చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్లు. ఎక్కడి ఆక్స్‌ఫర్డ్, ఎక్కడి కాకినాడ. మీథేన్ గనిలో పిల్లాడిగా మొదలైన ప్రయోగం, తెలుగు పిల్లలు చదువుకునే బల్ల మీద ముగిసింది.

మా రూమ్‌మేట్‌కి పరీక్షలో మ్యుటేషన్ ప్రశ్న వచ్చింది. పహణీ ఉదాహరణే రాసిందట. మార్కులు ఇంకా రాలేదు. వాళ్ల మేడమ్ ఈ గోడపత్రిక చదివితే దయచేసి కాస్త చూసి వెయ్యండి.

బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని